పెట్రోలియంలో ఉదజని: కొలతల చరిత్ర

హైదరాబాదు నగరంలో తార్నాక దాటి ఉప్పల్ వైపు పోయే దారిలో, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరువలో, హబ్సిగూడ రాకముందే ఒక పెద్ద పరిశోధనశాల ఉన్నది. హైదరాబాదు సంస్థాన ప్రభుత్వం శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనల కోసం 1944లో నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలే 1956లో అఖిల భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి కిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల అయినవి. 1989 నుంచి దీనిని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పిలుస్తున్నారు. పేరు ఎన్నిసార్లు మారినా, తొలినాళ్లలో ఇక్కడి శాస్త్రజ్ఞులు చేపట్టిన పనులలో ముఖ్యమైనది బొగ్గు పని. అందుకు కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు.

హైదరాబాదు రాజ్యంలో బొగ్గు ఉన్నది, నూనె లేదు. భూగర్భ పరిశీలన శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతాన బొగ్గును కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. ఆ సంస్థే 1920లో సింగరేణి కాలరీస్ అయినది. గోదావరి లోయ పొడవునా బొగ్గు పొరలు పరచుకొని ఉండగా, మోటారుకు కావలసిన పెట్రోలు, దీపానికి కావలసిన కిరసనాయిలు మాత్రం సముద్రం దాటి రావలసి వచ్చేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు చుక్క దొరకడమే గగనమై, మన దేశపు బస్సులు వెనుక కొలిమి తగిలించుకొని కట్టెబొగ్గు వాయువుతో నడిచినవి. అటువంటి రోజులలో పుట్టిన ప్రయోగశాల ముందు ‘ఇంత బొగ్గు ఉన్నది కదా, దీనినుంచి నూనె తీయలేమా?’ అనే ప్రశ్న నిలవడంలో వింత లేదు.

బొగ్గు, పెట్రోలియం ఒకే వంశానికి చెందినవని చెప్పవచ్చు. రెండింటిలోను ప్రధానమైనవి కర్బనం, ఉదజని. తేడా అంతా వాటి పాళ్లలోనే ఉన్నది. ముడి పెట్రోలియంలో బరువు ప్రకారం నూటికి 10 నుంచి 14 పాళ్లు ఉదజని ఉంటుంది. తేమను, బూడిదను మినహాయించి చూస్తే మామూలు రాక్షసి బొగ్గులో అది సుమారు 5 పాళ్లే. బొగ్గును గాలి తగలకుండా కాల్చినప్పుడు వచ్చే తారులో ఉదజని ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. అంటే బొగ్గును నూనె చేయడమంటే దానికి ఉదజనిని చేర్చడమే. జర్మనీలో ఫ్రెడ్రిక్ బెర్గియస్ 1913లో ఆరంభించిన పని ఇదే. బొగ్గుపొడిని బరువైన నూనెతో కలిపి, 400 డిగ్రీలకు మించిన వేడిలో, సుమారు 200 వాతావరణాల ఒత్తిడిలో ఉదజనిని ఎక్కించి అతడు ద్రవ ఇంధనం పుట్టించినాడు. 1927లో లాయ్‌నా వద్ద ఈ పద్ధతిపై పెద్ద కర్మాగారం నడవసాగింది. 1931లో బెర్గియస్‌కు, కార్ల్ బాష్‌కు కలిపి నోబెల్ బహుమానం లభించింది.

అయితే ఉదజని ఊరికే రాదు. ఈ వ్యాపారంలో అన్నిటికన్నా ప్రియమైన సరుకు అదే. తారులో ఉదజని నూటికి 8.5 పాళ్లు ఉన్నదనీ, 13 పాళ్లు ఉండే డీజిలు వంటి నూనెగా దానిని మార్చాలనీ అనుకొందాం. తక్కిన నష్టాలను వదలి లెక్క కడితే 100 కిలోల తారుకు సుమారు 5.2 కిలోల ఉదజని కావాలి. అంటే దాదాపు 57 ఘనమీటర్ల వాయువు. తారులోని ఉదజనిని కొలిచినవాడు అర పాలు పొరపడి 8 పాళ్లే అన్నాడనుకొంటే, అదే 100 కిలోలకు మరో 6 ఘనమీటర్ల పైచిలుకు ఉదజని అవసరమని తేలుతుంది. రోజుకు వందల టన్నుల తారును మార్చే కర్మాగారంలో ఈ తేడా లాభనష్టాలనే తారుమారు చేయగలదు. కనుక ‘ఇందులో ఉదజని ఎంత?’ అనే ప్రశ్న పరీక్ష కాగితంలోని ప్రశ్న మాత్రమే కాదు. దానికి జవాబు చెప్పడం రెండు శతాబ్దాలుగా రసాయనజ్ఞులను వేధించిన పని.

నీరు తూచి ఉదజని తెలుసుకోవడం

లాంతరు వెలిగించిన మరుక్షణం చల్లని చిమ్నీ లోపలి గోడపై సన్నని మంచు వంటి పొర పట్టి, గాజు వేడెక్కగానే మాయమవడం అందరూ చూసినదే. అది నీరు. కిరసనాయిలులోని ఉదజని గాలిలోని ఆమ్లజనితో కలిసి నీరవుతున్నది. నీటిలో ఉదజని పాలు నూటికి 11.19. కాబట్టి నూనెను పూర్తిగా కాల్చి, వచ్చిన నీటినంతా పట్టి తూచి, ఆ బరువును 0.1119తో గుణిస్తే నూనెలోని ఉదజని బరువు వస్తుంది. ఒక గ్రాము కిరసనాయిలులో ఉదజని 14 పాళ్లు ఉన్నదంటే, అది కాలితే గ్రామున్నర కాదు గాని, గ్రాముంబావు నీరు పుడుతుంది. గ్రాము నూనెనుంచి అంతకు మించిన నీరు రావడం విద్యార్థులకు మొదట నమ్మశక్యంగా తోచదు. నీటి బరువులో తొమ్మిదింట ఎనిమిది వంతులు గాలినుంచి వచ్చిన ఆమ్లజని అని గుర్తుచేస్తే చిక్కు విడిపోతుంది.

ఈ సూత్రం లవోయిజియే నాటిది. 1766లో కావెండిష్ ‘మండే గాలి’ని వేరుచేసి పరిశీలించినాడు. అది మండితే నీరు పుడుతుందని 1780 దశకంలో రుజువైనది. దానికి లవోయిజియే పెట్టిన పేరుకు అర్థం నీటిని పుట్టించేది అని. మన ‘ఉదజని’ ఆ అర్థాన్నే తెలుగు చేస్తున్నది. లవోయిజియే ఆలివు నూనెను ఆమ్లజనిలో కాల్చి, అందులో నూటికి సుమారు 79 పాళ్లు కర్బనం, 21 పాళ్లు ఉదజని ఉన్నవని 1789 నాటి తన గ్రంథంలో ప్రకటించినాడు. నేటి లెక్క ప్రకారం ఆలివు నూనెలో కర్బనం సుమారు 77 పాళ్లు, ఉదజని 12 పాళ్లకు కొంచెం తక్కువ, ఆమ్లజని 11 పాళ్లు. కర్బనం విషయంలో అతడు సత్యానికి ఎంతో దగ్గరగా వచ్చినాడు. ఉదజని విషయంలో మాత్రం దాదాపు రెట్టింపు చెప్పినాడు. ఏలనంటే నూనెలో కర్బనం, ఉదజని తప్ప మరేమీ లేవని భావించి, కర్బనం పోగా మిగిలినదంతా ఉదజని ఖాతాలో వేసినాడు. నూనెలోనే దాగి ఉన్న ఆమ్లజని అతని కంటబడలేదు. తూచవలసినదానిని తూచకుండా, తక్కినవి తూచి తీసివేతతో రాబట్టిన అంకె ఎంత మోసగించగలదో దీనినిబట్టి తెలుస్తుంది. బొగ్గు విశ్లేషణలో ఆమ్లజనిని ఈనాటికీ చాలాచోట్ల తీసివేతతోనే రాబడుతున్నారు. తక్కిన కొలతలలోని తప్పులన్నీ పోయి ఆ అంకె మీదనే పడతవి.

తరువాతివారు నీటిని నేరుగా పట్టడం నేర్చుకొన్నారు. గే-లుసాక్, తెనార్ 1810 ప్రాంతంలో పొటాషియం క్లోరేటుతో కలిపి పదార్థాలను కాల్చినారు. కొద్ది ఏళ్లకే గే-లుసాక్ దాని స్థానంలో నెమ్మదిగా ఆమ్లజనినిచ్చే రాగి ఆక్సైడును వాడినాడు. బెర్జీలియస్ 1814లో నీటి ఆవిరిని కాల్షియం క్లోరైడు గొట్టంలో పీల్పించి, ఆ గొట్టాన్ని ముందు వెనుకలు తూచినాడు. 1831లో లీబిగ్ బొగ్గుపులుసు వాయువును పట్టడానికి అయిదు బుడ్ల గాజు పరికరాన్ని కల్పించడంతో ఈ విద్య పూర్తి రూపం దాల్చింది. పొడవాటి గాజు గొట్టం, దానిలో ఎర్రగా కాగిన రాగి ఆక్సైడు, ఒక చివర పొడి ఆమ్లజని, రెండవ చివర నీటికి ఒక గొట్టం, బొగ్గుపులుసు వాయువుకు ఒక పాత్ర. కళాశాల ప్రయోగశాలలలో తరతరాల విద్యార్థులు నేర్చినది ఇదే అమరిక.

1859లో అమెరికాలో డ్రేక్ బావి పడి పెట్రోలియం పరిశ్రమ మొదలైన తరువాత, ఫ్రాన్సులో సెంట్-క్లెయిర్ డెవిల్ 1860 దశకం చివరలో నానా దేశాల పెట్రోలియం నమూనాలను తెప్పించి, ఒక్కొక్కదానిలో కర్బనం ఎంత, ఉదజని ఎంత, వేడి ఎంత అని పరీక్షించినాడు. ఓడల కొలుములలో బొగ్గుకు బదులు నూనెను వాడవచ్చునా అని తేల్చడం అతని ఉద్దేశం. ఒక గ్రాము కర్బనం మండితే సుమారు 8,000 కెలోరీలు, ఒక గ్రాము ఉదజని మండితే సుమారు 34,000 కెలోరీలు వెలువడుతవి. నూనె బొగ్గుకన్నా మేలైన ఇంధనం కావడంలోని రహస్యం చాలావరకు ఈ రెండంకెలలోనే ఉన్నది.

తేమతో వచ్చిన తంటా

చదవడానికి సులువుగా ఉన్న ఈ పద్ధతి చేతితో చేయబోయేసరికి పగ తీర్చుకొంటుంది. ఉదజని బరువు తక్కువ, నీరు అంతటా ఉన్నది. గ్రాము నూనెతో చేసే పరీక్షలో గాలి తేమ 10 మిల్లిగ్రాములు లోపలికి జొరబడితే జవాబు 0.1 పాలు పెరిగిపోతుంది. శ్రావణమాసపు ముసురులో ఒక గాజు గొట్టాన్ని గుడ్డతో తుడిచి త్రాసుమీద పెట్టేలోగా దాని పైతలం పట్టుకొనే తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అందుకే నూనె లేకుండా అంతా యథావిధిగా నడిపి, అప్పుడు ఎంత నీరు ‘పుట్టిందో’ చూసి దానిని తీసివేయడం ఆచారమైనది. ఈ ఖాళీ పరీక్షను బద్ధకించి వదలిన వాని ఫలితాలు ఎప్పుడూ ఎక్కువవైపే మొగ్గుతవి.

బొగ్గు విషయంలో మరో ఉచ్చు ఉన్నది. బొగ్గులోనే తేమ ఉంటుంది. 5 పాళ్ల తేమ ఉన్న బొగ్గును అలాగే కాలిస్తే ఆ తేమ కారణంగానే 0.56 పాలు ఉదజని అదనంగా కనబడుతుంది. దీనిని ముందుగా ఆరబెట్టి సవరించవచ్చు. కాని బూడిద ఎక్కువగా ఉండే బొగ్గులలో బంకమట్టి ఖనిజాలు కలిసి ఉంటవి. ఆ మట్టిలో రసాయనికంగా బంధింపబడిన నీరు మామూలుగా ఆరబెడితే పోదు. ఎర్రగా కాల్చినప్పుడే ఊడివస్తుంది. సింగరేణి బొగ్గు బూడిద ఎక్కువగా గల బొగ్గు. కనుక దానిలో కనబడిన ఉదజనిలో ఎంత బొగ్గుది, ఎంత మట్టిది అని విడదీయక తప్పదు. మట్టిలోని ఉదజని నూనె కాజాలదు.

పెట్రోలుది పూర్తిగా వేరే తరహా ఇబ్బంది. దానిని పింగాణి పళ్లెంలో పోసి తూచే లోపలే కొంత ఆవిరైపోతుంది. గొట్టంలో వేడిచేస్తే ఒక్కసారిగా ఆవిరై, కాలకుండానే రాగి ఆక్సైడును దాటిపోతుంది, లేదా పేలుతుంది. ఇందుకు పూర్వులు వాడిన ఉపాయం చక్కనిది. పలుచని గాజు బుడ్డిలో వెండ్రుక వంటి సన్నని మూతి గుండా నూనెను పీల్పించి, మూతిని మంటలో కరగించి మూసి, తూచి, గొట్టంలో పెట్టి పగులగొట్టేవారు. అయినా బరువైన నూనెకు వచ్చినంత ఖచ్చితమైన జవాబు తేలిక నూనెకు రావడం కష్టంగానే ఉండేది.

ఈ కష్టం తీర్చినది మళ్లీ దీపమే. నూనెను గొట్టంలో కాల్చే బదులు ఒక చిన్న దీపంలో పోసి, నూలు వత్తితో, శుద్ధిచేసి పూర్తిగా ఆరబెట్టిన గాలిలో వెలిగిస్తే అది తనంతట తాను నిదానంగా, పూర్తిగా మండుతుంది. పైన చిమ్నీ, ఆ తరువాత తేమను పీల్చే మెగ్నీషియం పెర్‌క్లోరేటు గొట్టం. దీపాన్ని ముందు వెనుకలు తూస్తే కాలిన నూనె, గొట్టాన్ని తూస్తే పుట్టిన నీరు తెలుస్తవి. మిల్లిగ్రాములు కాక గ్రాము పైబడిన నూనెను కాల్చవచ్చు గనుక తప్పు పాలు తగ్గిపోతుంది. పెట్రోలియంలోని గంధకాన్ని కొలవడానికి అప్పటికే వాడుకలో ఉన్న దీపపు పద్ధతిని ఇలా ఉదజనికి మళ్లించినారు. అమెరికా పరీక్షా ప్రమాణాల సంఘం కూడా దీనిని ప్రమాణ పద్ధతిగా అంగీకరించింది. మసి పుట్టకుండా మంటను నిలపడంలోనే పనివాని నేర్పంతా ఉన్నది. మసిగా పోయినది కర్బనమే అయినా, మంట సరిగా లేనప్పుడు ఉదజని కూడా కొంత కాలకుండా తప్పించుకొంటుంది. వత్తి పీల్చలేని మడ్డినూనెకు మాత్రం ఈ దీపం పనికిరాదు.

ఇదే కాలంలో ఆస్ట్రియాలో ఫ్రిట్జ్ ప్రెగల్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచినాడు. త్రాసును ఎంతో సూక్ష్మం చేసి, కొద్ది మిల్లిగ్రాముల పదార్థంతోనే విశ్లేషణ పూర్తిచేసినాడు. 1923 నోబెల్ బహుమానం ఆ పనికే లభించింది. ప్రకృతిలో లేశమాత్రంగా దొరికే పదార్థాలపై పనిచేసేవారికి ఇది వరమైనది. పెట్రోలియం వారికి మాత్రం నూనె కొరత లేదు, ఖచ్చితత్వానిదే కొరత.

పాలులో పదోవంతు

అంత ఖచ్చితత్వం ఎందుకు? దీనికి సమాధానం హాలెండులోని డెల్ఫ్ట్ నగరంలో వాటర్‌మన్, అతని సహచరులు 1930 దశకంలో చేసిన పనిలో దొరుకుతుంది. కందెన నూనెలో వేలకొలది రకాల అణువులు ఉంటవి. ఒక్కొక్కటి విడదీయడం అసాధ్యం. ఆ అణువులలో సగటున ఎన్ని వలయాలు ఉన్నవో తెలిస్తే నూనె గుణం చాలావరకు తెలిసినట్లే. వలయం లేని 25 కర్బన పరమాణువుల గొలుసుకు 52 ఉదజని పరమాణువులు ఉంటవి. బరువులో అది 14.86 పాళ్లు. ఆ గొలుసు రెండు కొసలు కలిసి వలయమైతే రెండు ఉదజనులు ఊడి 50 మిగులుతవి. అప్పుడు పాలు 14.37. అంటే అణువుకు ఒక వలయం చేరితే ఉదజని అర పాలు తగ్గుతున్నది. ఉదజనిని 0.1 పాలు తేడాతో కొలిచినవాడు వలయాల సంఖ్యలో అయిదోవంతు వలయం మేర పొరపడతాడు. అర పాలు తేడాతో కొలిచినవానికి వలయం ఉన్నదో లేదో కూడా తెలియదు.

బెంజీను జాతి వలయాలలో వలయం వల్లనే గాక ద్విబంధాల వల్ల కూడా ఉదజని తగ్గుతుంది. బెంజీనులో 7.7 పాళ్లు, నాఫ్తలీనులో 6.3 పాళ్లే ఉదజని. కనుక వాటర్‌మన్ బృందం నూనెకు ముందుగా సంపూర్ణంగా ఉదజనిని ఎక్కించి ద్విబంధాలను తీర్చివేసి, ఆ తరువాత మళ్లీ ఉదజనిని, అణుభారాన్ని కొలిచింది. అప్పటికీ మిగిలిన కొరత అంతా వలయాలదే. ఇది శ్రమతో కూడిన పని. ఒక నమూనాకే రోజులు పట్టేది. ఆ శ్రమ ఫలితాలను ఆధారం చేసుకొని, వక్రీభవన గుణకం, సాంద్రత, అణుభారం అనే మూడు తేలిక కొలతలతోనే వలయాలను అంచనా వేసే సూత్రాలను వాన్ నెస్, వాన్ వెస్టెన్ 1951 నాటి తమ గ్రంథంలో కూర్చి పెట్టినారు. శుద్ధి కర్మాగారాల వారు సంతోషంగా వాటిని అందుకొన్నారు. అయితే ఆ సూత్రాలు ఏ నూనెలపై కట్టబడినవో అటువంటి నూనెలకే నమ్మదగినవి. బొగ్గు తారుకు వాటిని తగిలిస్తే వచ్చే అంకెకు విలువ తక్కువ. తారులో ఆమ్లజని గల ఫినాలులు మెండుగా ఉంటవి.

తార్నాకలోని పరిశోధకులకు తగిలినది ఈ తారే. 1948 నుంచి 1962 వరకు ఈ ప్రయోగశాలలకు నాయకత్వం వహించిన డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ కాలంలో, సింగరేణి బొగ్గును తక్కువ ఉష్ణోగ్రతలో కర్బనీకరించే ప్రయోగాలు విస్తారంగా సాగినవి. ఉక్కు కొలుములకు పనికివచ్చే గట్టి కోకు ఈ బొగ్గు ఇవ్వదు. 600 డిగ్రీల ప్రాంతంలో గాలి లేకుండా కాలిస్తే మాత్రం ఇళ్లలో పొగ లేకుండా మండే మెత్తని కోకు, దానితోపాటు తారు, వాయువు వస్తవి. రోజుకు 25 టన్నుల బొగ్గును ఇలా మార్చే ప్రయోగాత్మక కర్మాగారం ఇక్కడ నెలకొన్నది. ఆ అనుభవంపై తరువాతి కాలంలో అదిలాబాదు జిల్లా నస్పూరు వద్ద రోజుకు 900 టన్నుల కర్మాగారం వెలసి, ‘కోల్‌సిన్’ పేరుతో వంటబొగ్గును అమ్మింది. వంటగ్యాసు ఇంటింటికీ వచ్చిన తరువాత వంటబొగ్గుకు గిరాకీ ఉండదు గదా. ఆ కర్మాగారం కూడా మూతబడింది. గోదావరి బొగ్గునుంచి పెట్రోలు నదిగా పారించాలన్న ఆశ ఆ రూపంలో నెరవేరలేదు. అందుకు కారణం శాస్త్రం తెలియక కాదు. బావినుంచి పైకుబికే నూనె ప్రకృతి చవకగా ఎక్కించిన ఉదజనితో వస్తుంది. బొగ్గుకు మనం ఎక్కించే ప్రతి కిలో ఉదజనికి ధర చెల్లించాలి. ఆ పోటీలో బొగ్గు గెలిచినది యుద్ధం వంటి విపత్కాలాలలోనే. తరువాతి దశాబ్దాలలో ఇదే ఆవరణలో రోజుకు 24 టన్నుల బొగ్గును వాయువుగా మార్చే యంత్రం నడిచింది. నీటి ఆవిరితో బొగ్గును వాయువుగా మార్చడం ఉదజనిని పుట్టించే దారులలో ఒకటి.

కాల్చకుండా కొలవడం

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత భౌతికశాస్త్రం ఈ రంగంలో అడుగుపెట్టింది. నూనెను కాల్చకుండా, నీటిని తూచకుండా ఉదజనిని లెక్కించే దారులు తెరుచుకొన్నవి.

వాటిలో ఒకటి బీటా కిరణాలది. 1956లో జేకబ్స్, లూయిస్, పీల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని వివరించినారు. కర్బన పరమాణువు బరువు 12, ఎలక్ట్రానులు 6. ఉదజని బరువు 1, ఎలక్ట్రాను 1. అంటే బరువుకు బరువు చూస్తే ఉదజనిలో కర్బనానికి రెట్టింపు ఎలక్ట్రానులు ఉన్నవి. ఒక కర్బనానికి రెండు ఉదజనులున్న నూనెలో 14 బరువుకు 8 ఎలక్ట్రానులు, బెంజీనులో 13 బరువుకు 7. మొదటిది రెండవదానికన్నా నూటికి 6 పాళ్లు ఎక్కువ. స్ట్రాన్షియం వంటి రేడియోధార్మిక పదార్థం వెలువరించే బీటా కిరణాలను నూనెగుండా పంపితే, దారిలో ఎన్ని ఎలక్ట్రానులు ఉన్నవో అంతగా అవి తగ్గిపోతవి. సాంద్రతను విడిగా కొలిస్తే ఉదజని పాలు బయటపడుతుంది. రోజు పట్టే పని నిమిషాలలో ముగుస్తుంది. నూనెలో గంధకం వంటి ఇతర మూలకాలు ఎక్కువగా ఉంటే సవరింపు తప్పదు.

రెండవది ఇంకా సూటియైనది. 1945 డిసెంబరులో హార్వర్డు విశ్వవిద్యాలయంలో పర్సెల్, టోరీ, పౌండ్ అనే ముగ్గురు ఒక పాత్రనిండా పారఫిన్ మైనాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి, రేడియో తరంగాలను పంపి, అందులోని ఉదజని కేంద్రకాలు ఒకానొక పౌనఃపున్యం వద్ద ఆ శక్తిని గ్రహించడం గమనించినారు. అదే సమయంలో స్టాన్‌ఫర్డులో బ్లాక్ నీటితో ఇదే ఫలితం సాధించినాడు. 1952లో పర్సెల్, బ్లాక్ ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. ఈ కేంద్రక అయస్కాంత అనునాదం తొలిసారి కనబడిన వస్తువులలో ఒకటి పెట్రోలియం మైనమే కావడం గమనింపదగినది. అందులో ఉదజని దండిగా ఉండడమే దానిని ఎన్నుకోవడానికి కారణం. మన దేశానికి ఈ విద్యతో సంబంధం తొలినుంచీ ఉన్నది. 1951లో స్టాన్‌ఫర్డులో ఆర్నాల్డ్, పకార్డ్‌లతో కలిసి ఎస్. ఎస్. ధర్మట్టి, సారాయిలోని ఉదజనులు ఒక్కచోట కాక మూడు వేర్వేరు చోట్ల సంకేతమిస్తవని చూపినాడు. తరువాత ఆయన బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో ఈ పరిశోధనను నెలకొల్పినాడు.

ఉదజని మొత్తం ఎంత అని తెలియడానికి ఆ సూక్ష్మ విభజన కూడా అక్కరలేదు. సంకేతం మొత్తం వైశాల్యం నమూనాలోని ఉదజని కేంద్రకాల సంఖ్యకు అనుపాతంగా ఉంటుంది. తెలిసిన బరువుగల శుద్ధ ఉదకర్బనాన్ని, ఉదాహరణకు 15.39 పాళ్ల ఉదజని గల డోడెకేనును ఒకసారి, నూనెను మరొకసారి అదే గొట్టంలో పెట్టి రెండు సంకేతాలను పోలిస్తే చాలు. త్రైరాశికం తెలిసిన ఎనిమిదో తరగతి బాలుడు మిగిలిన లెక్క చేయగలడు. 1970 దశకం చివరకు విమాన ఇంధనాలకు, 1980 దశకం చివరకు మడ్డినూనెలతో సహా తక్కిన నూనెలకు ఇది ప్రమాణ పద్ధతి అయినది. ఆవిరయ్యే పెట్రోలును మూసిన గొట్టంలో కొలవవచ్చు. నూనె చెడదు కూడా. మడ్డి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. చిక్కని పదార్థంలో కేంద్రకాల సంకేతం అతి త్వరగా అణగిపోయి, యంత్రం దానిలో కొంత భాగాన్ని చూడకనే పోతుంది. అప్పుడు ఉన్న ఉదజని లేనట్లు కనబడుతుంది. అందుకే నమూనాను వేడిచేసి పలుచన చేయడమో, ద్రావణిలో కరగించడమో చేస్తారు. లవోయిజియే ఉదజనిని ఎక్కువ చూసినాడు. ఈ యంత్రం అజాగ్రత్తగా వాడితే తక్కువ చూస్తుంది.

1960లో బ్రౌన్, లాడ్నర్ ఇదే అనునాద పద్ధతిని బొగ్గునుంచి తీసిన పదార్థాలకు వర్తింపజేసి, ఉదజనిలో ఎంత బెంజీను జాతి వలయాలకు అంటి ఉన్నదో, ఎంత గొలుసులకు అంటి ఉన్నదో విడదీసినారు. తారుకు ఉదజనిని ఎక్కించేవానికి ఇంతకన్నా కావలసినదేమున్నది! తార్నాక ఆవరణలో కూడా నేడు ఈ అనునాద యంత్రాలకై ప్రత్యేక కేంద్రమే ఉన్నది. అయితే అక్కడ వాటికి ఔషధాల అణువుల నిర్మాణం తేల్చడం వంటి పనులే ఎక్కువ.

ఈ మధ్యకాలంలో కర్బన, ఉదజని, నత్రజనులను ఒకేసారి కొలిచే స్వయంచాలక యంత్రాలు కూడా ప్రయోగశాలలకు వచ్చినవి. కొద్ది మిల్లిగ్రాముల నమూనాను తగరపు పొట్లంలో చుట్టి వేస్తే, తొమ్మిది వందల డిగ్రీలకు పైబడిన వేడిలో అది ఒక్క క్షణంలో కాలి, పుట్టిన వాయువులు ఒక్కొక్కటిగా లెక్కకు వస్తవి. సారంలో ఇది ప్రెగల్ పద్ధతే, త్రాసు స్థానంలో విద్యుత్ పరికరం వచ్చినది. మడ్డికి, బొగ్గుకు ఇది చక్కగా సరిపోతుంది. పొట్లం మూసేలోపలే ఆవిరయ్యే పెట్రోలుకు సరిపోదు. వందేళ్లనాటి గాజు బుడ్డి వారి ఇబ్బంది తగరపు పొట్లంలోనూ తొంగిచూస్తున్నది.

ఈ కొలతల అవసరం నానాటికీ పెరిగింది. బెంజీను జాతి అణువులు ఎక్కువై ఉదజని తగ్గిన ఇంధనం విమాన యంత్రంలో మసితో మండి, కాంతి రూపంలో వేడిని వెదజల్లి దహన గది గోడలను మాడుస్తుంది. అందువల్ల అమెరికా సైన్యం తన జెట్ ఇంధనంలో ఉదజని 13.4 పాళ్లకు తగ్గరాదని నియమం పెట్టింది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశమంతటా అమలులోకి వచ్చిన ఆరవ దశ భారత్ ప్రమాణాల ప్రకారం డీజిలులో గంధకం పదిలక్షల పాళ్లకు 10 పాళ్లను మించరాదు. ఆ గంధకాన్ని ఊడబెరికేది ఉదజనియే. 1957లో కాల్టెక్స్ కంపెనీ నెలకొల్పగా 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసిన విశాఖపట్నం శుద్ధి కర్మాగారం వంటి చోట్ల, లోపలికి పోయే నూనెలో ఉదజని ఎంత, బయటికి వచ్చే నూనెలో ఎంత అన్న రెండు అంకెల తేడాయే గంధకంతో పోయినదానిని కలుపుకొని ఖర్చయిన ఉదజని ఎంతో చెబుతుంది. ఆ తేడా చాలాసార్లు ఒక పాలు కూడా ఉండదు. రెండు కొలతలలోను 0.1 పాలు చొప్పున ఎదురెదురు దిక్కులలో తప్పు దొర్లితే ఖర్చు లెక్కలో అయిదోవంతుకు పైగా గల్లంతవుతుంది. అందుచేత లోపలి నూనెను ఒక పద్ధతితోను, బయటి నూనెను మరొక పద్ధతితోను కొలవరు. రెండింటినీ ఒకే యంత్రంపై, ఒకే ప్రమాణ ద్రవంతో పోల్చి కొలుస్తారు.